ఎదురు బరువు

కూరగాయల అంగడిలో కిలో వంకాయలు అడిగాను. ఆమె తూచింది. తూచి, సగం ఒక కవర్లో, సగం ఇంకో కవర్లో పోసి రెండూ నా ముందుకు చాపింది.

"రెండెందుకమ్మా?" అన్నాను.

"ఒక్కదాంట్ల పోస్తే ఊకుంటడా ఆయన?" అంటూ నా వెనక్కి చూసింది.

నా వెనక ఎవరూ లేరు. ఒక ఆవు ఉంది గాని, అది కొత్తిమీర కోసం వచ్చింది.

ఆయన పోయి అప్పటికి నెల కావస్తోంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె చేతులకే ఇంకా తెలియలేదు. ఇక చేసేదేముంది, రెండు కవర్లూ రెండు చేతుల్లో పట్టుకుని ఇంటిదారి పట్టాను. చచ్చిపోయిన మనిషి మీద విసుక్కోకూడదని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే విసుక్కున్నాను. బతికున్నన్నాళ్లూ చేసిన పని నెలలో మానెయ్యమంటే ఎలా?

పేరు రాయను. రాస్తే అందులోనూ ఏదో తక్కువైందని అనగల మనిషి. భోపాల్‌పట్నంలో మా వీధి మొత్తానికి ఆయన కాకా, నాకూ కాకానే. ఆవపల్లి అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఊరు ఆయనది. అన్నలకూ జవాన్లకూ నడుమ గొడవల కాలంలో ఆ ఊరు ఊరంతా లేచి తలా ఒక దిక్కైపోతే, ఈయన భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని ఇటు వచ్చి మిరప చేలల్లో కూలికి కుదిరాడు. భార్య ఇక్కడే పోయింది. ఇంట్లో దోర్లీ, మాతో తెలుగు, బజారులో హిందీ మాట్లాడేవాడు. మూడు భాషల్లోనూ ఆయన ఎక్కువగా వాడిన మాట మాత్రం ఒకటే: "రెండో దిక్కు ఏది?"

కావడి మోసి పెరిగిన భుజాలాయె. ఒక చేత్తో బరువు పట్టుకుని నడవడం ఆయన దృష్టిలో ఒక కాలికే చెప్పు వేసుకుని నడవడం. పావుకిలో పచ్చిమిర్చి కొన్నా రెండు పొట్లాలు కట్టించుకునేవాడు. నూనె సీసా లాంటి పంచలేని వస్తువైతే, దారి పక్కన దానికి సరితూగే రాయి ఏరి రెండో చేత్తో పట్టుకునేవాడు. ఇల్లు చేరాక సీసా లోపలికి, రాయి వాకిట్లోకి. ఏళ్ల తరబడి అలా చేరిన రాళ్లు వాకిట్లో పెద్ద కుప్ప అయ్యాయి. పంచాయతీ మనిషి ఒకాయన ఆ కుప్ప చూసి, "ఏం కాకా, ఇల్లు మొదలుపెట్టినవా?" అని అడిగితే, "లే, నూనె తెచ్చిన," అన్నాడట.

"గిదేం అలవాటు కాకా?" అని నేనూ ఒకసారి అడిగాను.

"మా దిక్కు ఒక్కపక్క బరువుతోటి ఊళ్లెకు రారు సారూ. ఇంట్ల ఒకలు తక్కువైతేనే అట్ల వస్తరు."

నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఆచారం అనే మాట వినబడితే చెవి దానంతటదే నిక్కుతుంది. ఆ దిక్కునుంచి వచ్చినవాళ్లను ఇద్దరిని అడిగాను. ఒకాయన అవునన్నాడు. రెండో ఆయన పగలబడి నవ్వి, "కాకా జెప్పిండా? అయితే అది కాకా ఇంటి ఆచారం," అన్నాడు. చివరికి ఆ ఆచారం విషయంలో కూడా నాకు అటొకటి ఇటొకటి సమానంగా తూగాయి.

ఇక సంచి సంగతి.

మా బడికి జగదల్‌పూర్ నుంచి కొత్తగా ఒక ఆటల మాస్టారు వచ్చాడు. ఉసూరు అవతల అడవిలో ఉన్న జలపాతానికి దారి ఈమధ్యే తెరుచుకుంది, స్టాఫంతా నడిచి వెళ్దాం, ఒక రాత్రి అక్కడే ఉందాం అన్నాడు. షరతు ఒక్కటే: ఎవరి బరువు వాళ్లే మోయాలి. నేను చెయ్యి ఎత్తాను. ఎవరూ చూడలేదు. "నేనూ వస్తాను," అన్నాను. ఎవరూ వినలేదు. ఇంకోసారి అన్నాక ఆటల మాస్టారు నా పొట్ట వైపు ఆదరంగా చూసి, "మీరు జీపులో ఉండండి సర్‌జీ, గిన్నెలకు తోడుగా," అన్నాడు.

ఆ మాట తగిలింది. పిల్లలకు పర్వతశ్రేణులూ నదీలోయలూ నోటితో దాటించినవాణ్ని, నా కాళ్లతో ఒక్క గుట్టయినా ఎక్కింది లేదు. గిన్నెల పక్కన ఇంకో గిన్నెగా కూర్చోనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. అయితే సంచారానికి ముందు సంచి కావాలి కదా. ఆటల మాస్టారు తన సంచి చూపించాడు. నడుముకు పట్టీ, ఛాతీకి పట్టీ, వాన పడితే కప్పుకునే ముసుగు. నాకు లేని వసతులన్నీ ఆ సంచికి ఉన్నాయి. ధర అడిగాను. అంత పెట్టి కొంటే లోపల పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ మిగలదు. ఫోన్లో వెతికితే చవకవి కనబడ్డాయి గాని, అవి మా ఊరు చేరేసరికి మేము కొండ దిగి కాళ్లకు నూనె రాసుకుంటుంటాం.

ఈ మాట కాకా చెవిన పడింది. నా పొరపాటు ఏమీ లేదు. మా వీధిలో ఏ మాటైనా ఆయన చెవి మీదుగానే పోవాలి.

"యే దారిన పోతరు సారూ? మా ఊరి చెరువు కట్ట మీదికెల్లేనా?"

"అవును కాకా. నువ్వు గూడ రారాదు? ఇన్నేండ్లాయె, ఒక్కసారి చూసొద్దువు."

"నాకేమున్నదక్కడ?" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, "ఉత్తచేతులతోని పోతరా ఎవలన్న?" అన్నాడు. మళ్లీ నాలుగడుగులు వేసి, "నీకు సంచి నేను జూపిస్త, నడువ్," అన్నాడు.

మొదట మా ఊళ్లోనే బడి సంచుల దుకాణానికి పోయాం. ధర నాకు సరిపోయింది, సంచి సరిపోలేదు. పట్టీలు చంకల దగ్గరే ఆగిపోయాయి. వెనక ఒక ఏనుగు బొమ్మ నవ్వుతోంది. దాన్ని తగిలించుకుని నేను నడుస్తుంటే ఏనుగు మీద ఏనుగు ఎక్కినట్టు ఉంటుందని నాకే అనిపించింది. కాకాకు ఏనుగుతో పేచీ లేదు. సంచి నోరు తెరిచి మోచేతిదాకా చెయ్యి పెట్టి, "దీంట్ల కుంచెడు బియ్యం గూడ పట్టయి," అన్నాడు.

"నేను బియ్యం మోసుకపోతలేను కాకా. దుప్పటి, రెండు జతల బట్టలు, అంతే."

"బట్టలదేమున్నది, బట్టలకు బరువుండదు," అని సంచి వెనక్కి ఇచ్చేశాడు.

తర్వాత బస్సెక్కి మా జిల్లా కేంద్రం బీజాపూర్ పోయాం. అక్కడ ఒక దుకాణంలో నిజంగానే మంచి సంచి దొరికింది. బూడిద రంగు, వెడల్పు పట్టీలు, నా జేబుకు అందే ధర. తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఒక్క క్షణం నేను ఎక్కడికో పోయివచ్చినవాడిలా కనిపించాను. పోబోయేవాడిలా కాదు, పోయివచ్చినవాడిలా! డబ్బు తీయబోతుంటే నా వీపు మీది సంచి మాయమైంది. కాకా దాన్ని పట్టుకుని పక్క కిరాణా కొట్లోకి నడిచాడు.

"దీంట్ల బియ్యం పొయ్. నేను కొనను, పోసి చూస్త అంతే," అని తనకొచ్చిన హిందీలో అంటున్నాడు.

"కాకా, యే దుకాన్ హై కి తమాషా?" అని కిరాణా అతను అరుస్తున్నాడు.

వాళ్లిద్దరి మధ్య సంచి అటూ ఇటూ లాగబడింది. సంచి అతను పరుగున వచ్చి తన సరుకు తాను లాక్కున్నాడు. ఇంత జరిగాక కాకా అతన్ని అడిగిన మాట: "రెండోది ఏది?"

"రెండోదేంటి?"

"ఇసొంటిదే ఇంకోటి. ఒక్కటి ఎట్ల మోస్తరు?"

"అందరూ ఒక్కటే మోస్తారు కాకా, వీపు మీద!"

"అందుకే అందరు వంగి నడుస్తున్నరు," అన్నాడు కాకా.

దుకాణదారు ఓర్పుకు దండం పెట్టాలి. లోపలికి పోయి ఇంకొకటి తెచ్చాడు. జవాన్లు వీపుకు తగిలించుకునే రకం సంచి, పిట్టూ అంటారు, ఆకుపచ్చ మచ్చలది, పెద్దది, బూడిద దానికంటే చవక. కాకా దాన్ని ముట్టుకోలేదు కూడా. "ఈ రంగేసుకొని ఆ అడివిలకు పోతడా సారు? ఇటోళ్లు అటోడనుకుంటరు, అటోళ్లు ఇటోడనుకుంటరు. ఇంట్ల అమ్మ ఏమనుకుంటదో నాకెరికలే."

ఆ సంగతి ఈ దిక్కున పసిపిల్లలకూ తెలుసు, నాకూ తెలుసు. సరే, ఆ బూడిద రంగుదే ఇవ్వమన్నాను. దుకాణదారు దాన్ని ఎత్తుగా కొక్కేనికి తగిలించి, "అది అమ్మకానికి లేదు," అన్నాడు. ఎవరికి లేదో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

తిరుగు బస్సులో కాకా పక్కన కూర్చున్నాను. నా ఒళ్లో ఏమీ లేదు. ఆయన ఒళ్లో రెండు పొట్లాల్లో చెరి సగం అరటిపళ్లు ఉన్నాయి. ఆదివారం వచ్చేస్తోంది. గిన్నెలు నా కోసం ఎదురుచూస్తున్నాయి. ఆగలేకపోయాను.

"ఒక మనిషికి ఒక్కటే వీపు ఉంటది కాకా!"

"అదే జెప్తున్న సారూ. వీపుకు బరువు కట్టినవ్. మరి కడుపుకు?"

నా కడుపుకు వేరే కట్టాల్సిన పని లేదని బస్సంతటికీ కనబడుతూనే ఉంది. వెనక సీట్లో ఎవరో నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను. చాలాసేపటికి పక్కనుంచి గొంతు వచ్చింది: "చెరువు కట్ట మీద ఇప్పచెట్టు ఒకటుండె. ఉన్నదో లేదో."

"వచ్చి చూసుకోరాదూ?" అన్నాను, అటు తిరక్కుండానే.

"ఒక్కదిక్కు బియ్యంతోటా? ఊరికి దెచ్చే బియ్యం పంచరు సారూ, పక్కకు రాయి వెట్టరు."

అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. కోపంలో ఉన్నవాడికి చెవులుంటాయి గాని అవి రెండూ తనవే వింటాయి.

శనివారం కాకాకు కనబడకుండా సందు వెనకనుంచి పోయి మా ఊళ్లోనే ఇంకో కొట్లో సంచి కొన్నాను. హాస్టలుకు పోయే కాలేజీ ఆడపిల్లల కోసం తెచ్చినది. పెద్దవాళ్ల కొలతలో, నాకు అందే ధరలో మిగిలింది అదొక్కటే. రంగు రాణీ రంగు. జిప్పుకు చిన్న మువ్వ ఒకటి కట్టి ఉంది, కత్తిరించబోతే జిప్పు కూడా వచ్చేలా ఉందని వదిలేశాను. మోసినంతసేపూ మోతే.

ఇల్లు చేరేసరికి అరుగు మీద కాకా ఉన్నాడు. ఇక తప్పదని సంచి ముందు పెట్టి కళ్లు మూసుకున్నాను. రంగు గురించి ఒక్క మాట అనలేదు. మువ్వ గురించి అనలేదు. రెండోది ఏదని కూడా అడగలేదు. నోరు తెరిచి చెయ్యి పెట్టి చూశాడు. భుజందాకా పోయింది. ముఖం వెలిగింది.

"పొద్దుగాల ఎప్పుడు బయలెల్లేది?" అన్నాడు.

ఆదివారం పొద్దున బడి ముందు జీపు పక్కన కాకా నిలబడి ఉన్నాడు. భుజాన కావడి. ఒక ఉట్టిలో బియ్యం మూట. రెండో ఉట్టి ఖాళీ. ఆ ఖాళీ కొస పైకి లేవకుండా బద్దను చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"పెట్టు సారూ," అన్నాడు.

"ఏం పెట్టాలె?"

"నీ సంచి. గీడ."

ఆటల మాస్టారు అడ్డం వచ్చాడు. "నహీ సర్‌జీ. ఎవరి బరువు వాళ్లే. మీకు కష్టమైతే జీపు ఉంది కదా," అన్నాడు. జీపులోంచి గిన్నెలు తొంగిచూశాయి.

నేను కాకా వంక చూశాను. అప్పటికి నా మట్టిబుర్రలో తెల్లవారింది. ఆయన వెతికింది నాకు సంచి కాదు, తన బియ్యానికి జోడీ. కుంచం లెక్కలు, మోచేతి కొలతలు, కిరాణా కొట్టు రాద్ధాంతం, అన్నీ అందుకే. అడిగితే ఉండేదిగా, నేను కాదనేవాణ్నా? కాని ఆయన ఇప్పుడు కూడా అడగడం లేదు. నాకేదో సాయం చేస్తున్నవాడి ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. బద్దను అదిమిన చెయ్యి మాత్రం తియ్యడం లేదు. కాదంటే ఆ బియ్యంతో వెనక్కి, ఇంటికే పోతాడు. మళ్లీ ఎన్నేళ్లకు బయలుదేరతాడో.

సంచి తీసి ఉట్టిలో పెట్టాను. బరువుతో పాటు పరువూ దించుకున్నాను. స్టాఫంతా చప్పట్లు కొట్టారు. "సర్‌జీ కూలీని పెట్టుకున్నారు!" అన్నారెవరో.

కాకా కావడి ఎత్తాడు. బియ్యం వైపు కిందికి వాలింది. "నీదిక్కు తక్కువైంది సారూ," అంటూ దించి, సంచి పట్టుకుని జీపు వెనక్కి పోయాడు. మువ్వ కాసేపు మోగింది. తిరిగి వచ్చి ఎత్తితే కావడి తాసులా నిలిచింది.

ఉసూరుదాకా అందరం జీపులోనే పోయాం. అక్కడ నడక మొదలయ్యాక, ఏ బరువూ లేని నేను అందరికంటే వెనక ఉన్నాను. కాకా అందరికంటే ముందు. అంత వడిగా ఆయన నడవడం నేను అంతకుముందు చూడలేదు. రాణీ రంగు సంచి చెట్ల మధ్య ఊగుతూ మువ్వ మోగించుకుంటూ పోతుంటే, దారి తప్పే భయం మాత్రం నాకు లేకపోయింది.

ఊరు అంటే అప్పటికి తిరిగివచ్చి వేసుకున్న కొన్ని గుడిసెలే. చెరువు కట్ట ఉంది, దాని మీద ఇప్పచెట్టు ఉంది. దాని కింద ఒక ముసలమ్మ చేటలో ఏదో చెరుగుతోంది. కాకాను చూసి చేట ఆపింది. కావడి ఇటు చివర చూసింది, అటు చివర చూసింది. తర్వాత ఆయన వెనక్కి చూసింది. వెనక రొప్పుతూ వస్తున్న నేను తప్ప ఎవరూ లేరు. దోర్లీలో ఏదో అడిగింది. కాకా ఏదో ఒక్క ముక్క అన్నాడు. ఆమె లేచి బియ్యం దించుకుంది.

"ఏమన్నది కాకా?" అని అడిగాను.

"ఆమె ఏది, అన్నది. మా ఇంటామె."

"నువ్వేమన్నవ్?"

"బియ్యం దించుకో అన్న."

ఆయన ఉట్టిలోంచి నా సంచి తీసి నా చేతుల్లో పెట్టి, "ఇగ నీది నువ్వు మోస్కో సారూ. నేనిక్కడ్నే ఉంట," అన్నాడు. పని తీరాక మనిషిని పంపేయడంలో ఆయనకు ఏ మొహమాటమూ లేదు.

తగిలించుకున్నాను. నేను సర్దినప్పటి సంచి కాదది. పట్టీలు భుజాల్లోకి దిగాయి. మొదటిసారి కదా, సంచులంటే ఇంతే కాబోలనుకుని, ఎవరి బరువు వాళ్లే అన్న షరతు నిలబెట్టుకుంటూ, పళ్లు బిగించి, మువ్వ మోగించుకుంటూ జలపాతందాకా ఎక్కాను. అక్కడ దుప్పటి కోసం సంచి తెరిస్తే, అడుగున, నా పంచెలో పదిలంగా చుట్టి ఒక గుమ్మడికాయ ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం సామెతలోనే విన్నాను. నేరం చేయకుండా తడుముకున్నది నేనొక్కణ్నే. ఆటల మాస్టారు కాయను రెండు చేతులా ఎత్తి చూసి, "ఇది మోసుకొచ్చారా సర్‌జీ, ఇంత దూరం?" అన్నాడు, మొదటిసారి కాస్త గౌరవంగా. నేను కాదనలేదు. ఆ పూట అందరికీ గుమ్మడికాయ కూర. జలపాతం బాగుందట. నేను భుజాలకు కాపడం పెట్టుకుంటూ శబ్దం విన్నాను.

మర్నాడు తిరిగివచ్చేసరికి చెరువు కట్ట మీద కాకా సిద్ధంగా ఉన్నాడు. కావడికి ఇటొక రాయి, అటొక రాయి. ఆయన పొలం గట్టువట. గడ్డి మొలిచిపోయిన గట్టులోంచి పెకలించుకున్నాడు. నా సంచి వంక చూడనైనా చూడలేదు. జోడీ దొరికాక నాతో ఏం పని?

"గుమ్మడికాయ ఏంది కాకా?" అన్నాను, చేతనైనంత కోపంగా.

"కూర మంచిగైందా?" అన్నాడు.

ఆ రాళ్లు కూడా భోపాల్‌పట్నం వచ్చి వాకిట్లో కుప్ప మీద పడ్డాయి. ఆ తర్వాత నన్ను ఎప్పుడు చూసినా, "మళ్లెప్పుడు పోతవ్ సారూ?" అని అడిగేవాడు. మోకాళ్లు బాగయ్యాక అనేవాణ్ని. రాణీ రంగు సంచి మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది, గాలి వీస్తే మోగుతుంది.

జ్వరంతో పోయాడు. పాడె పట్టినవాళ్లలో నేనొకణ్ని. అందరిలో పొట్టివాణ్ని కావడం వల్ల నా మూల కిందికి వాలింది. నీదిక్కు తక్కువైంది సారూ అని పైనుంచి ఆయన అంటాడేమోనని భుజం ఎగబెట్టి నడిచాను. ఆ నొప్పి ఇంకా పోలేదు.

వంకాయల రోజు సాయంత్రం ఆయన కొడుకు ఇంటి వైపు పోయాను. కొత్త ఇంటికి పునాది తవ్వుతున్నారు. వాకిట్లో రాళ్లు సగం అప్పటికే గోతిలోకి దిగాయి.

"గిందుల మీ ఊరి గట్టు రాళ్లు రెండుండాలె," అన్నాను.

"ఏవో ఏమెరుక సారూ. బాపుకే ఎరుక."

కూర్చుని వెతికాను. నల్లటిది ఒకటి, పగుళ్లలో ఎర్రమట్టి ఇంకా పట్టుకుని ఉన్నది కనబడింది. అదే అని నాకు నేనే తీర్మానం చేసుకుని, "ఇది తీస్కపోత," అన్నాను. వాళ్ల నాన్నను మేమందరం చూసిన చూపుతోనే నా వైపు చూసి, తీసుకుపొమ్మన్నాడు.

కుడిచేత్తో పట్టుకుని బయలుదేరాను. వీధి మలుపు దాకా బాగానే ఉంది. అక్కడ భుజం ఒక పక్కకు లాగడం మొదలైంది. రాయి చెయ్యి మార్చాను. ఆ పక్కకు లాగింది. ఆగి, ఆయన్ను గట్టిగానే తిట్టుకున్నాను. సైకిల్ మీద పోతున్న మనిషి తననేమో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

తిట్టుకుంటూనే వెనక్కి నడిచాను. ఆయన కొడుకు అప్పటికే రెండో రాయి చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.